లంద వాసన

మా అమ్మ జీవితంలో ఎక్కువ భాగం చీకట్లోనే నీళ్ళు పోసుకుంది. గుంటూరు జిల్లాలో మా మాదిగ గూడెంలో ఎవరికీ స్నానాల గది లేదు. గుడిసె వెనక తాటాకు దడి, కాళ్ళ కింద ఒక నాపరాయి. పైన కప్పు లేదు, ముందు తలుపు లేదు. కోడి కూయకముందే ఆడవాళ్ళు లేచి ఒళ్ళు కడుక్కోవాలి. ఆ నీళ్ళైనా తేరగా రాలేదు. బిందె ముంచుకోడానికి వెళ్ళిన ప్రతిసారీ ఒక మాట పడాల్సిందే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. తాము తాగే చెరువు నీళ్ళు పాడుచెయ్యొద్దని అడగడంతో మొదలైంది ఆ గొడవ. అప్పుడు నేను ఆరో తరగతి, హాస్టల్లో ఉన్నా. మా హాస్టల్ స్నానాల గదులకీ తలుపుల్లేవు.

అట్లాంటి అమ్మకి లండన్‌లో ఒక స్నానాల గది కట్టించాను. అది కడుతుంటే గోడలోంచి మా చరిత్ర బయటపడింది. అది చెప్పడానికే ఇదంతా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చి, చాలా ఏళ్ళు అద్దె గదుల్లో ఉండి, చివరికి థేమ్స్ నదికి దక్షిణాన బెర్మండ్సీలో ఒక ఫ్లాట్ కొన్నాను. అది ఒకప్పటి తోళ్ళ గోడౌన్. లావుపాటి ఇటుక గోడలు, పోత ఇనుప స్తంభాలు, పెద్ద పెద్ద చెక్క దూలాలు. గోడౌన్లు మూతపడ్డాక వాటిని గదులుగా చీల్చి ఇళ్ళని అమ్మారు. ఇప్పుడు అదొక ఫ్యాషన్. ఆ వీధుల పేర్లు చూడండి: టానర్ స్ట్రీట్, లెదర్‌మార్కెట్ స్ట్రీట్. తోలు ఊనేవాళ్ళ వీధి, తోళ్ళ సంత వీధి. పాత లండన్ నగరం గోడకి అవతల, నది దాటి, నీళ్ళున్న చోట ఈ కంపుకొట్టే పని పెట్టారు. ఊరికి దూరంగా, వాగు ఒడ్డున. ఎక్కడో విన్నట్టు లేదూ?

అయితే ఒక తేడా ఉంది. ఇక్కడ తోలు యజమానులు గొప్పవాళ్ళయ్యారు. 1878లో లెదర్, హైడ్ అండ్ వుల్ ఎక్స్చేంజ్ అని మేడ కట్టుకుని, దాని గోడ మీద తోలుపని బొమ్మలు రాతిలో చెక్కించుకున్నారు. మనదేశంలో తోలుపనికి గుర్తుగా రాయి మీద బొమ్మ ఎవడు చెక్కించాడు? ఇక్కడా కూలివాడు కూలివాడే అనుకోండి. తోలు మెత్తబడ్డానికి కుక్క పియ్యి వాడేవాళ్ళు. దాన్ని వీధుల్లో ఏరి అమ్ముకు బతికిన ముసలాళ్ళ గురించి హెన్రీ మేహ్యూ 1851లోనే రాశాడు. ఆ సరుకుకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ప్యూర్’. అంటే శుద్ధం! తోలుని శుద్ధి చేస్తుంది గనక. మన శాస్త్రులు వింటే ఏమంటారో.

2022లో అమ్మ ఆరు నెలల వీసా మీద వస్తోందని స్నానాల గది బాగుచేయించాలనుకున్నాను. అందులో ఉన్నది తొట్టి. మోకాళ్ళ నొప్పులతో అమ్మ దాని గట్టు దాటలేదు. తొట్టి తీసేసి, నేల మీదే నీళ్ళు పోసుకునేట్టు, కూర్చోను ఒక పీట, చేతికందే ఎత్తులో ఒక పంపు, బకెట్ పెడదామనుకున్నా. చెప్పినంత తేలిక కాదది. బిల్డింగ్ యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మరుగుదొడ్డి గొట్టం ఒక మూల నిలబడి ఉంటుంది. దొడ్డిని దానికి దూరంగా జరిపితే మీటరుకి దాదాపు 18 మిల్లీమీటర్ల వాలు ఇవ్వాలి. గొట్టం దించుదామంటే కింది దూలాల్ని కొయ్యకూడదు. అందుకని దొడ్డిని ఉన్నచోటే ఉంచాం. నేలంతా తూము వైపు వాలుగా చేసి, పలకల కింద నీళ్ళు ఇంకకుండా పొర వెయ్యాలి. ఎందుకంటే మన నేల కిందింటివాడి కప్పు. కిటికీ లేదు కాబట్టి ఆవిరి లాగే ఫ్యాను తప్పదు.

పోలండ్ మేస్త్రీ వచ్చి పని మొదలెట్టాడు. తొట్టి వెనక పాత చెక్క గోడకి సున్నపు పూత ఉంది. ఎన్నో ఏళ్ళుగా గొట్టం కారి అదంతా నానిపోయింది. సుత్తితో కొడితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. పెళ్ళ నిండా వెంట్రుకలు! మేస్త్రీ వెంటనే పని ఆపి మాస్క్ ఇచ్చాడు. పూర్వం సున్నంలో గొడ్డు వెంట్రుకలు కలిపి పూసేవాళ్ళట, పూత బీటలు వారకుండా. ఆ వెంట్రుకల్లో ఆంత్రాక్స్ ఉంటుందేమోనని భయం. ఆంత్రాక్స్ అంటే మన దొమ్మరోగం. చచ్చిన గొడ్డుని కోసి దొమ్మతో పోయినవాళ్ళు మా గూడెంలో ఉన్నారు. వాళ్ళకి మాస్క్ ఎవడిచ్చాడు?

అమ్మ దిగేసరికి పని సగంలోనే ఉంది. ఆ ఆదివారం మా ఆఫీసు తెలుగాయన ఒకాయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. ముక్కు మూసుకుని, “ఏంది బ్రదర్ ఈ కంపు? అచ్చం మాదిగ గూడెంలా ఉంది!” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళూ ఆయనకి నా కులం చెప్పలేదు. అమ్మ వంటింట్లో ఉంది. వినలేదనుకున్నాను.

ఆయన వెళ్ళాక అమ్మ ఒక పెళ్ళ తీసుకుంది. వెంట్రుక లాగి వేళ్ళ మధ్య నలిపింది. “గొడ్డు బొచ్చురా ఇది. సున్నంలో నానేసి గీకిన బొచ్చు. ఇది లంద వాసన. మీ తాత ఒంటి మీద ఇదే వాసన.” కాసేపాగి అడిగింది: “నువ్వెందుకు నవ్వావు?”

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచే పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టాను.

అమ్మ తప్పు చెప్పలేదు. ఇక్కడి తోలు ఫ్యాక్టరీలు గీకిన బొచ్చుని పూతమేస్త్రీలకి అమ్మేవి. మా తాత లందలో వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. మద్రాసు ప్రెసిడెన్సీలో అదే తంగేడు చెక్కతో ఊనిన ఆవుతోళ్ళు ‘ఈస్ట్ ఇండియా కిప్స్’ అన్న పేరుతో ఓడలెక్కి లండన్ వేలంపాటలకి వచ్చేవి. మా గుంటూరు అప్పుడా ప్రెసిడెన్సీలోదే. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల బూట్లకి ఆ తోలు కావలసి వచ్చి ప్రభుత్వమే ఆ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుంది. సముద్రం దాటితే కులం పోతుందని భయపడ్డవాళ్ళ కంటే ముందే మా చేతిపని సముద్రం దాటింది. లాభం షావుకార్లకి, సున్నం పుండ్లు మా చేతులకి. తోలుకి లేని అంటు దాన్ని ఊనినవాడికి మాత్రం అంటింది.

నేనేమో ఆ తోలు దాచిన దేశంలోకొచ్చి, తోలు మనిషిననే సంగతి దాచుకున్నాను.

గది పూర్తయ్యాక నలుగుర్నీ భోజనానికి పిలిచాను. ఆయనా వచ్చాడు. కింద పెట్టిన పంపు చూసి ఇదేంటన్నాడు. “మా అమ్మ కోసం. మేం మాదిగలం. ఆ రోజు మీరు చెప్పిన కంపు మాదే. అది తోలు ఊనే కంపు, కష్టం కంపు” అన్నాను. గొంతు వణికింది. ఆయన మొహం మాడిపోయింది. “ఛ ఛ, ఊరికే అన్నాను. ఈ దేశంలో కులం ఎక్కడుంది?” అన్నాడు. కులం లేకపోతే 2013లో బ్రిటిష్ పార్లమెంటు కులవివక్షని సమానత్వ చట్టంలో చేర్చాలని ఎందుకంది? దాన్ని అడ్డుకోడానికి కొందరు హిందూ పెద్దలు ఎందుకంత తిరిగారు? 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇవన్నీ ఆయనకి చెప్పాను. ఆయన మళ్ళీ మా ఇంటికి రాలేదు.

అందరూ వెళ్ళాక అమ్మ తువ్వాలు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది. తలుపుకి లోపల గడియ ఉండాలని ముందే చెప్పింది. పెట్టించాను. గడియ వేసిన చప్పుడు విన్నాను. ముప్పావు గంటైనా రాలేదు. భయమేసి పిలిచాను.

“ఉండరా, నీళ్ళు పోసుకుంటన్నా” అంది.