చూడలేదన్నవారు

1827 జూలై 6వ తేదీన సర్ థామస్ మన్రో కలరా సోకి కన్నుమూసినది మా పత్తికొండలో. దత్తమండలములను సర్వే గొలుసుతో కొలిపించిన దొరగానే ఆయనను తలచుకొందురు గాని, 1816లో పోలీసు పెత్తనమును జిల్లా జడ్జీల చేతినుండి తప్పించి కలెక్టరునకును, గ్రామములలో రెడ్లకును తలారులకును అప్పగించిన సంస్కరణము వెనుక ఉన్నవాడును ఆయనయే. నాటి ఆదోని బాటలలో తప్పిపోయిన మనిషి జాడ తీయవలసిన అపరాధ పరిశోధకుడు తలారియే. ఊరికి వచ్చిపోవు కొత్త మొగముల నెరిగి, దొంగ అడుగుజాడను పొలిమేరదాక పట్టుకొనిపోయి, పొరుగూరి తలారికి అప్పగించి మరలెడివాడు.

1859 నాటి పోలీసు చట్టము ఈ ఎరుకను ఠాణా రికార్డులకు తరలించెను. 1906లో వెలసిన మదరాసు సి.ఐ.డి.యో, తప్పిపోయినవానిని వెతుకుటకంటె తప్పిపోనివానిని కనిపెట్టి యుండుటకే ఎక్కువ శ్రమపడెనని నా అభిప్రాయము. ఆ పిమ్మటి దశకముననే దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' వంటి డిటెక్టివు నవలలు తెలుగున పుట్టినవి.

ఇంగ్లండున ఈ జాతి కథకు రాజకీయపు నీడ 1930 తరువాత చిక్కబడెను. 1932లో ఓస్వాల్డ్ మోస్లీ ఫాసిస్టు సంఘమును స్థాపించెను. 1936 అక్టోబరు 4న లండనులోని కేబుల్ స్ట్రీటులో నల్లచొక్కాల ఊరేగింపునకు దారి చేయబోయిన పోలీసులను జనము అడ్డగించెను. ఆ ఏడే వెలువడిన ఎథెల్ లీనా వైట్ నవలను హిచ్‌కాక్ 1938లో 'ది లేడీ వానిషెస్' అను చిత్రముగా తీసెను. కదలుచున్న రైలులో ఒక ముసలామె మాయమగును. ఆమె తన పేరును కిటికీ అద్దముపై వ్రేలితో వ్రాసియుండును. అయినను తోడి ఆంగ్లేయులే ఆమెను చూడలేదందురు. క్రికెట్ పందెమునకు ఆలస్యమగునని ఇద్దరు, పరస్త్రీతో పయనించుట బయటపడునని ఒక లాయరు బొంకుదురు. తుదకు తెల్ల రుమాలు ఊపుచు సంధికై రైలు దిగిన ఆ లాయరే తుపాకి గుండుకు కూలును. అది మ్యూనిక్ ఒడంబడిక కుదిరిన శరత్తు. ప్రేక్షకులకు వేరు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను.

మన దేశమున ఆ కాలపు అదృశ్యులు వేరు. 1934లో కమ్యూనిస్టు పార్టీ నిషిద్ధమయ్యెను. యుద్ధారంభమున పుచ్చలపల్లి సుందరయ్య మొదలగువారు అజ్ఞాతవాసమునకు వెడలిరి. వారికి అన్నము పెట్టిన ఇల్లాలు పోలీసులతో 'చూడలేద'నుట పిరికితనము కాదు, తెగువ. స్వాతంత్ర్యానంతరము కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరు, సహాయకుడగు రాజుతో మదరాసు వీథులలో ఎందరి జాడలనో తీసెను గాని, నేను చదివినంతలో ఈ ఇల్లాలి గుమ్మము తొక్కలేదు.