గాబ్రెస్కీ పేరిట ఒక విమానాశ్రయం

న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన లాంగ్ ఐలండ్‌లో ఒక విమానాశ్రయానికి ఫ్రాన్సిస్ గాబ్రెస్కీ అనే పోలిష్ వంశీయుడి పేరు ఉండటం, మాజీ సైనికుల ఇళ్లతో నిండిన సైనిక్‌పురి, తిరుమలగిరి వీధుల్లో పెరిగి అమెరికాలో స్థిరపడిన సికింద్రాబాద్ వారికి మొదట వింతగా తోస్తుంది. వలస వచ్చినవారి బిడ్డను ఒక దేశం ఇంతగా తనవాడిగా చేసుకున్న తీరు తెలిసేకొద్దీ గౌరవమూ, దానితోపాటే కొంత కలవరమూ కలుగుతాయి.

పోలండ్‌ను రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1795 నాటికి పూర్తిగా పంచుకున్నాయి. 1918లో మళ్లీ స్వతంత్ర రాజ్యంగా నిలిచేలోగా లక్షలాది పోలిష్ ప్రజలు బతుకుతెరువు వెతుక్కుంటూ అమెరికా చేరారు. గాబ్రెస్కీ తల్లిదండ్రులు అలా వచ్చి, పెన్సిల్వేనియాలోని ఆయిల్ సిటీ అనే పట్టణంలో కిరాణా వ్యాపారంతో కుటుంబాన్ని నెట్టుకొచ్చారు. 1919లో పుట్టిన ఫ్రాన్సిస్ నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో చేరినా చదువులో రాణించలేదు. 1940లో సైనిక వైమానిక దళంలో చేరాక కూడా శిక్షణ నుంచి తొలగించే దశ దాకా వెళ్లి, చివరి పరీక్షలో గట్టెక్కాడు.

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసినప్పుడు అతడు హవాయిలోనే ఉన్నాడు. తమ దేశాన్ని జర్మనీ ఆక్రమించాక బ్రిటన్ చేరి పోరాడుతున్న పోలిష్ పైలట్ల వద్దకు తనను పంపమని, ఇంట్లో నేర్చిన పోలిష్ భాషే అర్హతగా చూపి, పై అధికారులను కోరాడు. 1943 ఆరంభంలో వారి 315వ స్క్వాడ్రన్‌తో కలిసి ఎగిరాడు. లష్కర్ బోనాలు జరిగే ఉజ్జయిని మహంకాళి ఆలయ స్థాపకుడిగా చెప్పుకునే సురిటి అప్పయ్య కూడా సైన్యంతో దూరాన ఉన్న ఉజ్జయినికి వెళ్లి, కలరాతో అల్లాడుతున్న సొంత ఊరి కోసం అక్కడి అమ్మవారికి మొక్కుకున్నవాడే. కొలువు ఎక్కడున్నా మూలాలను మరవని ఆ గుణాన్ని ప్రతి ఆషాఢంలో ఊరికి దూరంగా గడిపే సికింద్రాబాద్ వారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత గాబ్రెస్కీ అమెరికా 56వ ఫైటర్ గ్రూపులో థండర్‌బోల్ట్ విమానం నడిపి, 1944 జులై నాటికి 28 శత్రు విమానాలను కూల్చాడు. ఐదింటిని కూల్చినవారిని ‘ఏస్’ అంటారు. పెళ్లి కోసం సెలవుపై స్వదేశానికి బయలుదేరవలసిన జులై 20న మరొక్క దాడికని వెళ్లగా, విమానం ప్రొపెల్లర్ నేలకు తగిలి జర్మనీలో దిగిపోయాడు. ఐదు రోజులు తప్పించుకు తిరిగి పట్టుబడి, యుద్ధం ముగిసేదాకా ఖైదీగా ఉన్నాడు. కొరియా యుద్ధంలో జెట్ విమానంతో మరో ఆరున్నర విజయాలు సాధించాడు. ఇద్దరు కలిసి కూల్చిన విమానం ఒక్కొక్కరి ఖాతాలో సగంగా చేరుతుంది. 1967లో కర్నల్‌గా విరమించి, 1978లో లాంగ్ ఐలండ్ రైల్ రోడ్ అధ్యక్షుడై, 2002లో మరణించాడు.

అయితే ఆ దేశం సైనికులందరినీ ఒకే కంట చూడలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ తింద్, చట్టం చెప్పే అర్థంలో ‘శ్వేతజాతీయుడు’ కాడు కాబట్టి పౌరసత్వానికి అనర్హుడని 1923లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ యుద్ధపు మాజీ సైనికులకు వెసులుబాటు కల్పిస్తూ 1935లో చట్టం వచ్చాకే, 1936లో అతనికి పౌరసత్వం దక్కింది. పుట్టిన దేశాన్నిబట్టి వలసదారులకు హెచ్చుతగ్గుల వాటాలు కేటాయించే కోటా పద్ధతిని 1965 చట్టం రద్దు చేసిన తర్వాతే తెలుగు వైద్యులకూ ఇంజినీర్లకూ తలుపులు విశాలంగా తెరుచుకున్నాయి. హైదరాబాద్ నుంచి వెళ్లిన తండ్రికి అమెరికాలో పుట్టిన రాజా చారి ఆ దేశ వైమానిక దళంలో కర్నల్ స్థాయికి ఎదిగి, 2021 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరిన బృందానికి సారథ్యం వహించాడు.

సైనికుడి సాహసం ఎంత గొప్పదైనా, చట్టం సమానంగా చూడని చోట అది అతనికి పౌరుడి హోదా తెచ్చిపెట్టలేదు. అమెరికాలో పెరుగుతున్న పిల్లలకు గాబ్రెస్కీ విజయాలతోపాటు తింద్‌కు జరిగిన అన్యాయాన్నీ తెలుగు తల్లిదండ్రులు తప్పక చెప్పాలి.