బొమ్మ వెంట వచ్చే గడియారం

పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది) సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గోడ గడియారంలో సగటున 11 గంటల 19 నిమిషాలే అయి ఉంటుంది. 1906 నుంచి మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని, అంటే సుమారుగా మన కాకినాడ దగ్గరగా పోయే రేఖను, పట్టుకుని నడుస్తున్నది. ద్వీపవాసి తన సూర్యుణ్ణి పక్కనపెట్టి సముద్రానికి ఇవతలి గడియారాన్ని ఒప్పుకున్నాడు. అతని ఇంట్లోని సెట్‌టాప్ బాక్సు చేసేదీ ఇలాంటి పనే. ఎలాగో చూద్దాం.

1959లో ఢిల్లీలో మొదలైన మన టెలివిజన్ చాలాకాలం అనలాగ్ పద్ధతిలోనే సాగింది. అందులో కాలం సంగతి విడిగా చెప్పే పని లేదు. ప్రతి గీతకూ, ప్రతి బొమ్మకూ ఒక సంకేతం వచ్చేది. టీవీ దానికి తాళం వేసుకుంటూ పోయేది. డిజిటల్ ప్రసారంలో ఆ సౌఖ్యం పోయింది. బొమ్మలను కుదించి పంపుతారు కనుక కదలని దృశ్యానికి కొద్ది సమాచారం చాలు, క్రికెట్ ఆటకు చాలా కావాలి. పైగా తరువాత చూపవలసిన బొమ్మ ఒక్కోసారి ముందే వస్తుంది. దాని సాయంతోనే మధ్య బొమ్మలను విప్పాలి మరి! వచ్చింది వచ్చినట్టు చూపిస్తే పెదవులు ఒక దారి, మాట ఒక దారి. సరిగా కుదరని డబ్బింగ్ సినిమాలాగ.

1990ల మధ్యలో వచ్చిన ఎంపెగ్-2 ప్రమాణం బొమ్మకూ ధ్వనికీ కాలముద్రలు వేసింది. 'నన్ను ఫలానా క్షణాన చూపించు' అని ఆ ముద్ర చెబుతుంది. అది సెకనును 90,000 భాగాలుగా లెక్కిస్తుంది. మనకు సెకనుకు 25 బొమ్మలు కనుక, ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ 3,600 తేడా.

అయితే ఆ క్షణం ఎవరి గడియారం ప్రకారం? అసలు చిక్కు ఇక్కడే ఉంది. బాక్సులోని స్ఫటికం పది లక్షలకు 30 వంతులు త్వరపడిందనుకోండి. గంటలో 0.108 సెకను, అంటే దాదాపు మూడు బొమ్మలు ముందుకు పోతుంది. అలా పోగా పోగా నిల్వ అయిపోయి తెర ఆగిపోతుంది. అందుకని ప్రసార కేంద్రం, సెకనుకు 2.7 కోట్ల స్పందనలతో నడిచే తన గడియారం ఎంత చూపుతున్నదో సెకనుకు కనీసం పదిసార్లు పంపుతుంది. దీన్నే ప్రోగ్రామ్ క్లాక్ రిఫరెన్స్ అంటారు. బాక్సు దానితో పోల్చుకుని తన వేగాన్ని సరిచేసుకుంటుంది. పూర్వం నావికులు గడియారాన్నే ఓడలో మోసుకుపోయేవారు. ఇక్కడ ప్రయాణించేది దాని అంకె మాత్రమే.

దూరదర్శన్ డీటీహెచ్ 2004లో మొదలైనా, దాని కేయూ బ్యాండ్ ప్రసారం అండమాన్ నికోబార్‌కు అందలేదు. 2009లో ఆ ద్వీపాల కోసం సీ బ్యాండ్‌లో పది చానళ్లు ఇచ్చారు. ఉపగ్రహం దాకా సుమారు 36,000 కిలోమీటర్లు ఎక్కి దిగడానికి సంకేతానికి పావు సెకను పడుతుంది. ఈ ఆలస్యంతో బెడద లేదు. గడియారపు అంకె ఎంత పాతదో బొమ్మా అంతే పాతది.

ఇంటర్నెట్ సంగతి వేరు. అక్కడ ఒక ప్యాకెట్ త్వరగా వస్తే, తరువాతిది తీరికగా వస్తుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా ద్వీపాలకు ఉపగ్రహపు ఇరుకుదారే ఆధారం. వీడియో ప్లేయర్ కొన్ని సెకన్ల బొమ్మలను పోగేసుకుని, ముద్రల ప్రకారం ఒక్కొక్కటే వదులుతుంది. ఆ పోగు ఖాళీ అయినప్పుడే తెరమీద చక్రం తిరుగుతుంది. కేబుల్ వల్ల దారి వెడల్పయింది కాని, మధ్యలోని యంత్రాల దగ్గర ప్యాకెట్లు వరుసలో నిలబడడం పోలేదు. కనుక ప్లేయర్లు ఇప్పటికీ ఆ పోగు పెట్టుకునే నడుస్తున్నాయి.