వినియోగ ధోరణుల గుర్తింపు
కొనుగోలుదారుల అభిరుచిలో మొదలైన మార్పును, అది పెద్ద గిరాకీగా ఎదగకముందే పసిగట్టడం. విశాఖపట్నం ప్రాంతంలో ఇందుకు చక్కని ఉదాహరణ అరకు కాఫీ. మన్యం గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల నడుమ పండించే ఈ అరబికా గింజకు 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం వెలిసింది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. విశాఖ కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ (1956) కూడా ఈ కాఫీ పొడిని అమ్ముతోంది.

ధోరణికి నమ్మదగిన ఆనవాలు ఒక్కరోజు రద్దీ కాదు. కొన్నవారే మళ్లీ రావడం, పంట ఏ ఊరిదని అడగడం, ఆ పేరుకు కాస్త ఎక్కువ ధర ఇవ్వడం ముఖ్యం. శీతాకాలంలో అరకుకు పోటెత్తే పర్యాటకుల కొనుగోళ్లను వేరుచేసి, నగరవాసులు వేసవిలో ఏం కొంటున్నారో చూడాలి.