జీఆర్‌ఈ మాక్ టెస్టులో 315 వచ్చిందా? అసలు పరీక్షలో ఎంత రావొచ్చంటే..

అమీర్‌పేట్‌లో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే కనిపించేవన్నీ సాఫ్ట్‌వేర్ కోర్సుల ఫ్లెక్సీలే. అదే పంజాగుట్ట వైపు వస్తే జీఆర్‌ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ బోర్డులు, వాటి పక్కనే ఓవర్సీస్ కన్సల్టెన్సీలు. అమెరికాలో ఎంఎస్ చేయాలనుకునే తెలుగు విద్యార్థులు చాలామందికి ఇదే అడ్డా. అమెరికన్ కాన్సులేట్ కూడా 2008 నుంచి 2023 మార్చి వరకు ఇక్కడికి దగ్గర్లోని బేగంపేట పైగా ప్యాలెస్‌లోనే నడిచింది. తర్వాత నానక్‌రామ్‌గూడకు మారింది.

ఈ ఏరియా హాస్టళ్లలో పరీక్షల సీజన్ వస్తే వినిపించే ప్రశ్న ఒకటుంది. "మాక్‌లో ఇంత వచ్చింది.. మెయిన్ ఎగ్జామ్‌లో ఎంత వస్తుంది?" దీనికి జవాబు ఆ మాక్ ఎవరు తయారు చేశారు, ఎలా రాశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫీజే రూ. 20 వేలు దాటిన పరీక్ష ఇది. మాక్ స్కోరును తప్పుగా అర్థం చేసుకుంటే డబ్బుతో పాటు అడ్మిషన్ సీజన్ కూడా పోవచ్చు.

ఈటీఎస్ మాక్ వేరు.. బయటి మాక్ వేరు

జీఆర్‌ఈని నిర్వహించేది అమెరికా సంస్థ ఈటీఎస్. పవర్‌ప్రెప్ పేరుతో రెండు ఆన్‌లైన్ మాక్ టెస్టులను అదే సంస్థ ఫ్రీగా ఇస్తుంది. పవర్‌ప్రెప్ ప్లస్ పేరుతో మరో మూడు ఉన్నాయి కానీ వాటికి ఒక్కోదానికి సుమారు 40 డాలర్లు కట్టాలి. అసలు పరీక్షకు అన్నిటికంటే దగ్గరగా ఉండేవి ఇవే.

కారణం ప్రశ్నలు ఒక్కటే కాదు, మార్కులు లెక్కించే పద్ధతి. జీఆర్‌ఈలో వెర్బల్, క్వాంట్ రెండింటికీ 130 నుంచి 170 మధ్య స్కోరు ఇస్తారు. మొదటి సెక్షన్ బాగా రాస్తే రెండో సెక్షన్ కష్టంగా వస్తుంది. ఎన్ని కరెక్ట్ అన్నదే కాకుండా, ఎంత కష్టమైన సెక్షన్‌లో కరెక్ట్ అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఏ ప్రశ్న ఎంత కష్టమో ఈటీఎస్ తేల్చేది వేలాది మంది రాసిన డేటాతో. కోచింగ్ సెంటర్‌కో, బయటి వెబ్‌సైట్‌కో ఆ డేటా ఉండదు. వాళ్లు ఇచ్చే 130-170 స్కోరు ఓ అంచనా మాత్రమే. అందుకే ఒకే విద్యార్థికి ఒకచోట 305, ఇంకోచోట 318 వచ్చినా ఆశ్చర్యం లేదు. అలాగని బయటి మాక్‌లు వేస్ట్ అని కాదు. టైమ్ ప్రాక్టీస్‌కు, తప్పులు ఎక్కడ పోతున్నాయో చూసుకోవడానికి బాగానే పనికొస్తాయి. స్కోరు చెప్పడానికి మాత్రం కాదు.

ఇంకో చిక్కు పాత మెటీరియల్. 2023 సెప్టెంబర్ 22 నుంచి జీఆర్‌ఈ 3 గంటల 45 నిమిషాల నుంచి 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. వెర్బల్, క్వాంట్‌లలో ఒక్కోదానికి 40 ప్రశ్నలు ఉండేవి. ఇప్పుడు 27 మాత్రమే. మధ్యలో ఇచ్చే బ్రేక్ కూడా లేదు. ప్రశ్నలు తగ్గాయంటే ఒక్కో తప్పుకు పడే దెబ్బ పెరిగినట్టే. 40 ప్రశ్నల పాత మాక్‌లో వచ్చిన స్కోరును ఇప్పటి పరీక్షకు అన్వయించుకోలేం.

ఐదు పాయింట్ల తేడా మామూలే

ఒకే విద్యార్థి, అదే ప్రిపరేషన్‌తో రెండుసార్లు రాసినా ఒకే స్కోరు రాదు. ఒకరోజు తెలిసిన పదాలు పడతాయి, ఇంకోరోజు పడవు. ఈ ఊగిసలాట ఒక్కో సెక్షన్‌లో 2 పాయింట్ల పైచిలుకు ఉంటుందని ఈటీఎస్ లెక్కలే చెబుతాయి. రెండు సెక్షన్లు కలిపితే అది సుమారు 3 పాయింట్లు అవుతుంది. మాక్‌లోనూ ఆ తేడా ఉంటుంది, అసలు పరీక్షలోనూ ఉంటుంది. రెండూ కలిస్తే 4 నుంచి 5 పాయింట్లు. అంటే పవర్‌ప్రెప్‌లో 315 వచ్చిన వాళ్లలో మూడింట రెండొంతుల మంది దాదాపు 310-320 మధ్య ఉంటారనుకోవచ్చు. మిగిలిన వాళ్లు ఆ గీత కూడా దాటొచ్చు, పైకైనా కిందికైనా.

కాబట్టి గత వారం 311, ఈ వారం 314 వస్తే ఇంప్రూవ్ అయినట్టేనని ఫిక్స్ అవ్వొద్దు. ఐదు మాక్‌లు రాసి అందులో బెస్ట్ స్కోరునే 'నా స్కోరు' అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. చివరి రెండు అఫీషియల్ మాక్‌ల సగటు తీసుకుంటే నయం. బీటెక్ వాళ్లకు ఇంకోటి.. మాక్ క్వాంట్‌లో 170 వచ్చిందంటే అక్కడి నుంచి పెరగడానికి చోటు లేదు. కదిలితే కిందికే.

మాక్ స్కోరు ఉత్తుత్తిగా పెరిగేది ఎక్కడంటే..

పవర్‌ప్రెప్ ఫ్రీ టెస్టుల ప్రశ్నలు యూట్యూబ్ వీడియోల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. ముందే చూసేసిన ప్రశ్నలతో రాస్తే ఆ స్కోరు తెలివిది కాదు, జ్ఞాపకానిది. ఒకే టెస్టు రెండోసారి రాసినా అంతే. టైమర్ ఆపి టీ తాగొచ్చి రాయడం, ఎస్సే వదిలేసి నేరుగా వెర్బల్‌కు వెళ్లడం కూడా స్కోరును పెంచేవే. అసలు పరీక్షలో మొదట 30 నిమిషాల ఎస్సే రాసి, ఆ అలసటతోనే మిగతావి చేయాలి. ఇంటి నుంచి పరీక్ష రాసేవాళ్లకు మామూలు పేపర్‌పై రఫ్ వర్క్ కుదరదు. చిన్న వైట్‌బోర్డు లాంటిది వాడాలి. ప్రాక్టీస్ కూడా దాని మీదే చేస్తే మంచిది.

స్లాట్ వాయిదా వేసే ముందు..

బయటి మాక్‌లో 300 వచ్చిందని భయపడి స్లాట్ మార్చుకునేవాళ్లు ఉన్నారు. దీనికి పరీక్షకు కనీసం నాలుగు రోజుల ముందే నిర్ణయం తీసుకోవాలి, అదనంగా ఫీజు కట్టాలి. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు, ఒక వారం ముందు ఒక్కో అఫీషియల్ మాక్‌ను పూర్తి టైమింగ్‌తో రాసి, ఆ తర్వాతే ఆలోచించడం సేఫ్. కావాల్సిన స్కోరుకు 10 పాయింట్లు తక్కువ వస్తే వాయిదాకు అర్థం ఉంది. 3 పాయింట్లే తక్కువైతే రాసేయడమే బెటర్.

ఎందుకంటే రెండో ఛాన్స్ ఉంటుంది. 21 రోజుల గ్యాప్‌తో 12 నెలల్లో ఐదుసార్లు రాయొచ్చు. ఏ స్కోరు పంపాలో విద్యార్థే ఎంచుకోవచ్చు. కాకపోతే క్యాలెండర్ చూసుకోవాలి. నవంబర్ 10న రాస్తే మళ్లీ అవకాశం డిసెంబర్ మొదటి వారంలోనే. అఫీషియల్ స్కోరు రావడానికి మరో 8 నుంచి 10 రోజులు. డిసెంబర్ 15 డెడ్‌లైన్ పెట్టిన యూనివర్సిటీకి అది సరిగ్గా అంచు మీద ఉన్నట్టే. సెప్టెంబర్, అక్టోబర్‌లో మొదటిసారి రాసేవాళ్లకు ఈ టెన్షన్ ఉండదు.