చీటీలో రాయని ప్రశ్న

మందుల చీటీలో తప్పు అనగానే ముందు గుర్తొచ్చేది డాక్టరు గారి గొలుసుకట్టు రాత. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ అడగాల్సిన ప్రశ్న అడగకుండా రాస్తే ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్న చీటీ కూడా తప్పే. స్త్రీల ఆరోగ్య చరిత్రలో ఇలాంటి తప్పులు చాలా ఉన్నాయి.

నెల తప్పిన స్త్రీ గర్భవతో కాదో తేల్చడానికి ఒకప్పుడు ఎక్కువ మోతాదు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ కలిపిన మందులు ఇచ్చేవారు. వీటివల్ల పిండానికి హాని జరగవచ్చని బ్రిటన్‌లో ఇసబెల్ గాల్ అనే వైద్యురాలు 1967లోనే హెచ్చరించారు. మన ప్రభుత్వం 1982లో నిషేధం ప్రకటిస్తే కంపెనీలు కోర్టుల నుంచి స్టే తెచ్చుకున్నాయి. స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు పోరాడగా 1988లో గానీ నిషేధం ఖరారు కాలేదు. 1991లో స్త్రీశక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ తెచ్చాక తన శరీరం గురించి అడగడానికి తెలుగు చదివే స్త్రీకి ఒక ఆసరా దొరికింది.

మరి తెలుగు రాని స్త్రీ మాటేమిటి? ఉట్నూరు, తిర్యాణి కొండల్లో గోండి, కొలామి మాట్లాడే స్త్రీలున్నారు. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ప్రిమాక్విన్ ఇస్తారు. గర్భిణికి అది ఇవ్వకూడదు. జి6పిడి ఎంజైమ్ లోపమున్నవారిలో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఈ లోపం కొన్ని ఆదివాసీ సమూహాల్లో ఎక్కువ. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కనుక స్త్రీలను చాలాకాలం ‘వాహకులు’గానే చూశారు. పాక్షిక లోపమున్న స్త్రీకీ ప్రమాదమే. మామూలు పరీక్షలో అది బయటపడకపోవచ్చు. ‘నెల తప్పిందా? ఈ గోళీ వేసుకున్నప్పుడు మూత్రం నల్లగా వచ్చిందా?’ అని గోండిలో అడిగే మనిషి అక్కడ ఉండాలి.

కరీంనగర్ వైపు సమస్య మరో రకం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోళీల సంగతి పట్నం డాక్టరుకు తెలియదు. పొద్దంతా వంగి బీడీలు చుట్టే స్త్రీ నడుం నొప్పికి రోజూ వేసుకునే గోళీ బీపీని పెంచుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ సంగతి ఎవరూ అడగకపోతే బీపీ గోళీ ఇంకొకటి చేరుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు రోగి అడగవలసిన ప్రశ్నలకూ అందులో చోటిచ్చింది. మన దవాఖానల్లో ఆ పని చీటీ నుంచే మొదలుకావచ్చు. గర్భం, చంటిబిడ్డకు పాలు, బరువు, పడని మందులు, ఇప్పటికే వాడుతున్న గోళీలు: వీటికి ప్రతి చీటీలో ఒక గడి ఉండాలి. ఆ గడిని ఆమె భాషలో అడిగి నింపాకే మందు పేరు రాయాలి.