ఊరే కొలబద్ద: తిరుత్తణి సరిహద్దు తగాదా తీరిన తీరు

తమిళనాడులోని వెంగల్ నుంచి ఊత్తుకోట మీదుగా ఉత్తరానికి సాగితే ఎంతో దూరం పోకుండానే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. బోర్డుల మీద అక్షరాలు మారతాయి గాని అంగట్లో మాట మారదు. ఈ పక్కా తెలుగు వినిపిస్తుంది, ఆ పక్కా తమిళం వినిపిస్తుంది. ఇంత కలగలిసిన నేలను ఎవరిదో తేల్చాలని 1950లలో రెండు భాషలవాళ్ళు ఊరేగింపులు తీశారు, జైళ్ళకు వెళ్ళారు, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. పదేళ్ళు గడవకముందే ఆ వేడి చల్లారింది. అలా చల్లారడానికి ఒక పద్ధతి తోడ్పడింది.

రెండు వైపులా గట్టి నమ్మకాలే ఉండేవి. తమిళ నేలకు ఉత్తరపు హద్దు వేంగడం, అంటే తిరుమల కొండ, అని ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పాయిరం (ముందుమాట) చెబుతుంది. దాన్ని ఆధారం చేసుకుని మ.పొ.శివజ్ఞానం, ఆయన 1946లో స్థాపించిన తమిళరసు కళగం, తిరుపతి దాకా భూమి తమదేనని వాదించారు. తిరుత్తణి ప్రాంతంలో తమిళ పండితుడు మంగళంకిళార్ ఆ వాదాన్ని ఊరూరా వినిపించారు. తెలుగువాళ్ళ వైపు ‘మద్రాసు మనదే’ అన్న నినాదం మారుమోగింది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ స్థలం ఇచ్చింది దామెర్ల నాయకులు, చెన్నపట్నం అన్న పేరే చెన్నప్ప నాయకుడిది, కాబట్టి పట్నం తెలుగువారిదేనన్నది వాళ్ళ తర్కం.

ఈ రెండు వాదాల్లోనూ చరిత్ర ఉంది. పొరపాటు చరిత్రలో లేదు, దాని నుంచి తీసిన తీర్పులో ఉంది. వెయ్యేళ్ళకు పైబడిన గ్రంథమో, మూడు వందల ఏళ్ళ కిందటి దానపత్రమో 1950లో అక్కడ కాపురముంటున్న మనుషులు ఏ రాష్ట్రంలో ఉండాలో చెప్పలేదు. తిరుపతి చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. మద్రాసులో ఎక్కువమంది తమిళులు. ఎదుటివాళ్ళ విషయంలో ఈ నిజం ఇద్దరికీ కనిపించింది. తమ విషయంలో మాత్రం ఇద్దరికీ కనిపించలేదు.

పైనుంచి చెబితే వింటారని ఢిల్లీ మొదట అనుకుంది. జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభి సీతారామయ్య ముగ్గురూ కూర్చున్న జె.వి.పి. కమిటీ 1949లో ఆంధ్రులకు ఒక షరతు పెట్టింది: మద్రాసు మీద ఆశ వదులుకుంటే రాష్ట్రం ఇవ్వవచ్చు. అదే ఏడు వేసిన విభజన సంఘంలో టంగుటూరి ప్రకాశం మద్రాసు విషయంలో అసమ్మతి పత్రం రాశారు. పట్నం ఊసు ఆగలేదు. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు, అయితే తగాదా లేని తెలుగు ప్రాంతాలతో, మద్రాసు మినహా.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. మద్రాసు కోసం అసమ్మతి రాసిన ప్రకాశమే మద్రాసు లేని రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. పట్నం గురించి ఆయన మనసులో ఏముందో గాని, ఆయన చేసిన పని పెద్ద పాఠం. చేతికి ఏదో గౌరవంగా అందితేనే మనిషి రెండో చేతిలోది వదులుతాడు.

చిత్తూరు జిల్లా మొత్తం ఆంధ్రకు దక్కడంతో మంట దక్షిణానికి పాకింది. ఆ జిల్లా పాతదేమీ కాదు. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలతో కుట్టినది. ఆ జిల్లాలోని తిరుత్తణి అంతకుముందు కార్వేటినగరం జమీందారీలోది. ఆరుపడైవీడులో (మురుగన్ ఆరు క్షేత్రాల్లో) ఒకటైన కోవెల అక్కడి కొండ మీదే ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తెలుగు ఇంట పుట్టిందీ అక్కడే. అలాంటి చోట తమిళరసు కళగం సత్యాగ్రహాలు చేసింది, శివజ్ఞానం అరెస్టయ్యారు, ఈ సరిహద్దు ఉద్యమంలో ఇద్దరు తమిళ కార్యకర్తలు చనిపోయారు. అరెస్టుల వల్ల ఒక్క మనసూ మారలేదు. పట్టుదల పెరిగింది, అంతే.

దారి చూపింది హరి వినాయక్ పటాస్కర్. ఈయన మరాఠీ న్యాయవాది, కేంద్రంలో మంత్రిగా చేసినవారు. రెండు రాష్ట్రాలూ ఒప్పుకోగా మధ్యవర్తిగా కూర్చుని 1957లో తన నిర్ణయం ఇచ్చారు. ఆయన తాలూకాను గాని, జిల్లాను గాని కొలమానంగా తీసుకోలేదు. ఊరిని తీసుకున్నారు. ఏ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువో జనాభా లెక్క చూడాలి, ఆ ఊరు ఆ భాష రాష్ట్రానికి ఆనుకుని ఉండాలి. ఈ రెండూ కుదిరితే ఊరు అటు వెళుతుంది. గ్రంథం, దానపత్రం, నినాదం దేనికీ అందులో చోటు లేదు.

ఈ కొలత తమిళ మెజారిటీ ఉన్న తిరుత్తణి తాలూకా ఊళ్ళను, పళ్ళిపట్టు వైపు ఊళ్ళను మద్రాసు రాష్ట్రానికి పంపింది. అదే కొలత తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లోని సత్యవేడు వైపు తెలుగు ఊళ్ళను ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చింది. దాదాపు 400 చదరపు మైళ్ళు అటు పోయాయి, 300కు పైగా ఇటు వచ్చాయి. పార్లమెంటు 1959లో చట్టం చేసింది, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. రెండేళ్ళ తర్వాత రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయ్యేనాటికి ఆయన పుట్టిన ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉంది.

ఇది ఎందుకు నిలిచింది? కొలత ముందే చెప్పారు, ఫలితం తర్వాత తేలింది. కొలత ఇద్దరికీ ఒకటే. తిరుత్తణి పోయిందని బాధపడే తెలుగువాడికి సత్యవేడు కనిపిస్తుంది, సత్యవేడు పోయిందని నొచ్చుకునే తమిళుడికి తిరుత్తణి కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ‘నేను పొరబడ్డాను’ అని ఎవరి చేతా నలుగురిలో అనిపించలేదు. శివజ్ఞానం అనుచరులు తిరుత్తణిని సాధించామని చెప్పుకోగలిగారు, ఇటువైపు నాయకులు తిరుపతినీ చిత్తూరునూ నిలుపుకున్నామని చెప్పుకోగలిగారు. తప్పుడు నమ్మకాన్ని వదులుకునే మనిషికి తలెత్తుకు నడిచే దారి కావాలి. ఆ దారి వాదంలో గెలుపు కంటే విలువైనది.

ఈ పద్ధతి విలువ అది లేనిచోట ఇంకా బాగా తెలుస్తుంది. కర్ణాటక, మహారాష్ట్ర రెండూ తమదేనంటున్న బెళగావి విషయంలో 1966లో వేసిన మహాజన్ కమిషన్ మరుసటేడు నివేదిక ఇచ్చింది. కర్ణాటక దాన్ని పట్టుకుంది, మహారాష్ట్ర కాదంది. ఊరే కొలమానం కావాలంటూ పటాస్కర్ సూత్రాన్నే మహారాష్ట్ర అడుగుతూ వచ్చింది, 2004లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కొలత ఏదో ముందు ఒప్పుకోని చోట ఎంత పెద్ద నివేదిక అయినా ఒక పక్షం ఆయుధంగానే మిగులుతుంది.

తిరువళ్ళూరు వైపు మాత్రం హద్దు తగాదా నీళ్ళ ఒప్పందానికి అడ్డు కాలేదు. 1983 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాలు తెలుగు గంగ ఒప్పందం చేసుకున్నాయి. 1996లో కండలేరు నుంచి కాలువలో వచ్చిన కృష్ణా నీళ్ళు ఊత్తుకోట దగ్గర తమిళనాడులోకి చేరి పూండి జలాశయానికి వెళ్ళాయి. ఒకప్పుడు ఏ పట్నం కోసం కొట్లాడారో ఆ పట్నానికే తెలుగు నేల మీదుగా తాగునీరు అందింది.

పటాస్కర్ లెక్కకు తీరని కొరత కూడా ఒకటుంది. ఊళ్ళో ఎక్కువమంది ఎవరో అది చెప్పింది, తక్కువమంది ఏమవుతారో చెప్పలేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు అలా మిగిలాయి, సత్యవేడు వైపు తమిళ కుటుంబాలు మిగిలాయి. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం బడుల్లో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. దానితో తెలుగు మాధ్యమం పిల్లల పదో తరగతి పరీక్ష కోర్టు గుమ్మం ఎక్కింది, మినహాయింపుల కోసం అల్పసంఖ్యాక భాషలవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడగాల్సి వచ్చింది. తెలుగు చదివితే తమిళానికి చేటన్న భయం అక్కడ కొందరిలో ఉంది. తమిళం నేర్పితే తెలుగు పోతుందన్న భయం ఇక్కడ కొందరిలో ఉంది. రెండు వైపులా ఇళ్ళలో రెండు భాషలూ వింటూ పెరిగే పిల్లలు ఈ ఊళ్ళ నిండా ఉన్నారు. వాళ్ళ కోసం మరో కొలత కావాలి. ఏ బడిలో ఎందరు పిల్లలకు ఏ భాష కావాలో ఆ ఊరివాళ్ళనే అడిగి, ఆ లెక్కను ఇరు రాష్ట్రాలూ ముందే ఒప్పుకుని, సత్యవేడు తమిళ పిల్లలకూ తిరుత్తణి తెలుగు పిల్లలకూ ఒకేలా అమలు చేయాలి.